ఫుల్ ట్యాంక్ కొట్టిస్తే కారంతా పెట్రోల్ వాసన, ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు మరీనూ

సాలూరు అల్లుడు | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఉండేది ఒడిశాలో కోరాపుట్ జిల్లా జైపూర్, అత్తారిల్లు ఆంధ్రాలో సాలూరు. బండి 2012 మోడల్ చిన్న పెట్రోల్ కారు, 96 వేల కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలలుగా లోపల పెట్రోల్ వాసన వస్తోంది. రోజూ రాదు. వచ్చిన రోజు మాత్రం తల పగిలిపోతుంది. మొన్న కోరాపుట్ ఘాటు ఎక్కుతుంటే మా చిన్నది వెనక సీట్లో రెండుసార్లు వాంతి చేసుకుంది. "ఇంక ఈ కారులో మా ఊరు రాను, బస్సుకి పోతాను" అని మా ఆవిడ తేల్చేసింది.

ముగ్గురు మిస్త్రీలకు చూపించాను. ఒకాయన ఇంజెక్టర్లు (ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మేవి) విప్పి కడిగాడు, 2,400 అయింది. ఇంకొకాయన ట్యాంక్ మూత మార్చాడు, 350. మూడో ఆయన బానెట్ ఎత్తి, వాసన చూసి, "పాత బండి కదా బాబూ, అలాగే ఉంటుంది" అని పంపేశాడు. ఆయన ఒక్కడే డబ్బులు తీసుకోలేదు.

డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలగలేదు. బండి కింద నేల మీద చుక్క కూడా కనపడలేదు. ప్రస్తుతానికి పొద్దున్నే కారులో అమ్మవారి ఫొటో ముందు రెండు అగరొత్తులు వెలిగిస్తున్నా, కాసేపు వాసన తెలియదు. ఎవరికైనా ఇలాంటిది ఎదురైతే చెప్పండి, పుణ్యం ఉంటుంది.

బరంపురం స్పేర్స్ | ఆదివారం రాత్రి 9:40

ఇందులో ఆలోచించడానికి ఏముంది అన్నా? ఈ20 పెట్రోలు, అదే ఇరవై శాతం ఇథనాల్ కలిపింది. 2012 బండి రబ్బర్లు దానికోసం చేసినవి కావు. 2023 ఏప్రిల్ నుంచి వచ్చే బండ్లకే ఆ ఇరవై శాతం ఇథనాల్‌ని తట్టుకునే రబ్బర్లు వేస్తున్నారు. మా షాపుకి రోజూ పాత బండ్లవాళ్ళు పైపుల కోసం వస్తున్నారు. ట్యాంక్ నుంచి ఇంజిన్ దాకా రబ్బరు అన్నది మొత్తం మార్చెయ్యి, తలనొప్పి వదిలిపోతుంది.

సునాబెడ స్పానర్ | ఆదివారం రాత్రి 10:05

అబ్బాయీ, మిగతా మాటలు తర్వాత. ముందు ఆ అగరొత్తులు బయట పారెయ్యి. ఇప్పుడే, ఇది చదువుతుండగానే వెళ్ళి పారెయ్యి. పెట్రోల్ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, సీట్ల కింద, కాళ్ళ దగ్గర మడుగు కట్టినట్టు కూర్చుంటుంది. సున్నాకి నలభై డిగ్రీల కింద కూడా పెట్రోలు మంట అంటుకునేంత ఆవిరిని వదులుతుంది. మనం ఉండేది కోరాపుట్ జిల్లాలో, అంటార్కిటికాలో కాదు. గాలిలో అది ఒకటిన్నర శాతం ఉంటే చాలు, నిప్పు తగిలితే అంటుకుంటుంది. నువ్వు ఆ డబ్బాలో కూర్చుని అగ్గిపుల్ల గీస్తున్నావు. అమ్మవారు ఇన్నాళ్ళూ కాపాడింది, ఆమెకి ఇంకా పరీక్షలు పెట్టకు.

ఇక వాసన సంగతి. ముగ్గురు మిస్త్రీలూ నిన్ను "వాసన ఎక్కడ" అనే అడిగి ఉంటారు. వాసన ఎక్కడినుంచైనా ఎక్కడికైనా పోతుంది. అడగాల్సింది "ఎప్పుడు" అని. వీటికి జవాబులు రాయి:

పొద్దున్న చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి రెండు నిమిషాల్లో వస్తుందా? బండి ఆపి, వేడి ఇంజిన్ పక్కన నిలబడితే వస్తుందా? ఏసీ గాలి బయటినుంచి తీసుకునేలా పెడితే ఎక్కువై, లోపలి గాలే తిరిగేలా పెడితే తగ్గుతుందా? ముందు ముక్కు మూసుకునేది వెనక కూర్చున్నవాళ్ళా, ముందు కూర్చున్నవాళ్ళా? ట్యాంక్‌లో ఎంత ఉన్నప్పుడు? ఆఖరిది, ఈ మధ్య ట్యాంక్ జోలికి ఎవరైనా వెళ్ళారా?

వంశధార గుణుపూర్ | ఆదివారం రాత్రి 10:31

స్పానర్ బాబాయ్ వచ్చారంటే కేసు తేలిపోయినట్టే. అయినా నా అనుభవం ఒకటి చెప్తా. మాకు పోయిన కోతల కాలంలో ఇదే గోల. పొద్దున్న స్టార్ట్ చేయగానే గుప్పున వాసన, పది నిమిషాల తర్వాత తగ్గేది. బానెట్ ఎత్తితే ఏమీ కనపడలేదు. చివరికి ఇంజిన్ వెనక ఫ్యూయల్ పైపు మీద పళ్ళ గాట్లు. ఎలక! ఇంటి ముందు కళ్ళం, పక్కన ధాన్యం బస్తాలు, మధ్యలో మా కారు దానికి వెచ్చటి ఇల్లు. పైపు మారిస్తే పోయింది. నువ్వు కూడా టార్చి వేసి చూడు తమ్ముడూ.

సాలూరు అల్లుడు | సోమవారం ఉదయం 7:20

అగరొత్తులు రాత్రే తీసేశాను గురువుగారూ. మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను, పెట్రోల్ వాసన కంటే ఆ అగరొత్తులకే ఎక్కువ తిట్టింది.

జవాబులు:
పొద్దున్న స్టార్టింగులో రాదు.
ఆపాక బానెట్ దగ్గర నిలబడినా రాదు.
ఏసీ ఎలా పెట్టినా తేడా లేదు. అద్దాలు దించితే తగ్గుతుంది.
ఎప్పుడూ వెనకవాళ్ళకే ముందు తెలుస్తుంది. పిల్లలు "నాన్నా, వాసన" అన్న ఐదు నిమిషాలకి నాకు తెలుస్తుంది.
ట్యాంక్ ఫుల్ అయితే రెండు రోజులు. ముల్లు ముప్పావు కిందికి దిగాక మామూలు రోడ్డు మీద ఉండదు. సగానికి దిగితే ఘాటు ఎక్కినా ఉండదు.
ట్యాంక్ జోలికి... ఇది రాస్తుంటేనే గుర్తొచ్చింది. పోయిన దసరాకి ట్యాంక్‌లో ఉండే ఫ్యూయల్ పంపు పోయింది, దారిలో ఒక గరాజులో కొత్తది వేయించాను. పేరు వద్దులెండి. కానీ అది జరిగి చాలా నెలలైంది, వాసన మొదలై రెండు నెలలే. అందుకే దానికీ దీనికీ ముడి పెట్టలేదు.

సునాబెడ స్పానర్ | సోమవారం ఉదయం 8:02

ఒక్క ప్రశ్న. దసరా తర్వాత, ఈ రెండు నెలలకు ముందు, ఎప్పుడైనా ఫుల్ ట్యాంక్ కొట్టించావా?

సాలూరు అల్లుడు | సోమవారం ఉదయం 8:15

లేదు! అప్పట్లో ఐదొందలకి, వెయ్యికి కొట్టించేవాణ్ణి. మావయ్యగారికి ఒంట్లో బాగోక, రెండు నెలలుగా వారం వారం సాలూరు వెళ్తున్నాం. ఆంధ్రాలో పెట్రోలు లీటరుకి మనకంటే ఐదారు రూపాయలు ఎక్కువే కదా, అందుకని ఇక్కడే గొంతుదాకా నింపి బయల్దేరుతున్నా.

సునాబెడ స్పానర్ | సోమవారం ఉదయం 8:50

ఇంజిన్ వైపు చూడటం ఆపెయ్యి. నీ ఇంజెక్టర్లకి పాపం ఏమీ తెలియదు.

ఎందుకో చెప్తాను, ఇది చదివే మిగతావాళ్ళకీ పనికొస్తుంది. ఇంజెక్టర్ చుట్టూ ఉండే రబ్బరు రింగు (ఓరింగ్) గానీ, ఇంజిన్ దగ్గరి పైపు గానీ కారితే, పంపు ఒత్తిడి ఎక్కిన ప్రతిసారీ కారుతుంది. ఇలాంటి బండ్లలో ఆ ఒత్తిడి మూడు బార్ల దగ్గర ఉంటుంది, అంటే టైరులో గాలికంటే ఎక్కువ. ట్యాంక్‌లో ఐదు లీటర్లున్నా నలభై లీటర్లున్నా ఆ లైనుకి ఒకటే. గుణుపూర్ అబ్బాయి ఎలక కథ అదే, పొద్దున్నే గుప్పుమంది. పైగా ఇంజిన్ దగ్గరి వాసన ముందు అద్దం కింద ఉండే గాలి దారిలోంచి లోపలికి వస్తుంది, అందుకే ఏసీ గాలి మారిస్తే తేడా తెలుస్తుంది. నీకు అవేవీ లేవు.

ట్యాంక్ నిండుగా ఉంటేనే వచ్చే వాసన ట్యాంక్ పైభాగంలో పుడుతుంది. అక్కడ అనుమానించాల్సినవి నాలుగే. మూత, మూత నుంచి ట్యాంక్‌కి వెళ్ళే లావు రబ్బరు పైపు, పెట్రోల్ ఆవిరిని పట్టుకునే బొగ్గు డబ్బా, పంపు కూర్చునే నోరు. మూత నువ్వు మార్చేశావు. పైపు కారితే పెట్రోలు కొట్టించేటప్పుడే వెనక చక్రం దగ్గర తడి కనపడుతుంది, వాసన బయట ఎక్కువుంటుంది. పంపు నోరు మాత్రం సరిగ్గా మీ పిల్లల సీటు కింద ఉంటుంది. వెనక సీటు అడుగు ఎత్తితే రేకు మూత, దాని కింద పంపు. దసరాకి విప్పింది అదే.

ఇంక ఘాటు సంగతి. ఎక్కేటప్పుడు పెట్రోలు ట్యాంక్‌లో వెనక్కి జరుగుతుంది, అది ఒకటి. రెండోది, సాలూరు నుంచి పిల్లలకి చిప్స్ ప్యాకెట్ కొని సుంకి ఘాటు ఎక్కితే, పొట్టంగి వచ్చేసరికి అది బూరెలా పొంగి ఉంటుంది, చూశావా? పైకి ప్రతి వంద మీటర్లకీ బయటి గాలి ఒత్తిడి సుమారు ఒక శాతం తగ్గుతుంది. ప్యాకెట్‌లో ఉన్నది కింది ఊరి గాలి, అది బయటికి తన్నుతుంది. నీ ట్యాంక్ కూడా చిప్స్ ప్యాకెట్టే. కాకపోతే ఎక్కడో చిల్లున్న ప్యాకెట్.

నాగావళి రాయగడ | సోమవారం మధ్యాహ్నం 1:10

స్పానర్ గారూ, చిప్స్ ప్యాకెట్ ఉదాహరణ రేపు తొమ్మిదో తరగతికి చెప్పేస్తున్నా, మీ అనుమతి లేకుండానే.

అల్లుడు గారూ, నా బండిలోనూ ఫుల్ ట్యాంక్ అయితేనే గొడవ ఉండేది. కాకపోతే వాసనతో పాటు ఇంకో లక్షణం ఉండేది: బంకులో నింపించాక వెంటనే స్టార్ట్ అయ్యేది కాదు. యాక్సిలరేటర్ తొక్కి పట్టి నాలుగైదుసార్లు తిప్పితే గానీ లేచేది కాదు. వెనక ఉన్న లారీవాళ్ళు హారన్లు. "ఆడవాళ్ళు నడిపితే ఇంతే" అని ఒకాయన వినపడేలా అన్నాడు కూడా. అది పర్జ్ వాల్వు. బొగ్గు డబ్బాలో పట్టుకున్న ఆవిరిని అవసరమైనప్పుడు ఇంజిన్‌లోకి వదిలే చిన్న కరెంటు వాల్వు, అది తెరుచుకుని ఇరుక్కుపోయింది. మా మిస్త్రీ దాన్ని పట్టుకున్న తీరు సులువు: చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, డబ్బా నుంచి వచ్చే పైపు వాల్వు దగ్గర తీసి, అక్కడ వేలు పెట్టాడు. అప్పుడు అది మూసుకుని ఉండాలి, లాగకూడదు. నా బండిలో వేలిని పీల్చేస్తోంది. వాల్వు మార్చాక ఇప్పటిదాకా ఇబ్బంది లేదు. మీకు స్టార్టింగ్ బాగానే ఉందంటే అది కాకపోవచ్చు, అయినా చూసుకోండి.

సాలూరు అల్లుడు | సోమవారం మధ్యాహ్నం 1:45

స్టార్టింగ్ బాగానే ఉంది మేడమ్. బంకులోనూ ఒక్క సెల్ఫ్‌కే లేస్తుంది.

కిమిడి కార్బొరేటర్ | సోమవారం సాయంత్రం 6:20

మీ అందరి బండ్లూ కొత్తవి. పర్లాకిమిడిలో నాకు ఇంకా కార్బొరేటర్ బండి ఉంది, నాన్నగారిది. దాంట్లో పెట్రోల్ వాసన రాకపోతే ట్యాంక్ ఖాళీ అయిందని అర్థం. సరదాకి అన్నాను గానీ, అలాంటి బండి ఉన్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. ఇంజిన్ మీద ఉండే పాతకాలం పెట్రోల్ పంపులో లోపలి రబ్బరు పొర చిరిగితే పెట్రోలు బయటికి కాదు, ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ పుల్ల తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన వచ్చినా, ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగినా బండి తీయకండి. పల్చబడిన ఆయిల్‌తో పాతపట్నం దాకా వెళ్ళొచ్చి బేరింగులు పోగొట్టుకున్నవాణ్ణి చెప్తున్నా.

సునాబెడ స్పానర్ | సోమవారం సాయంత్రం 6:48

మంచి మాట. కొత్త బండ్లలోనూ ఇంజెక్టర్ మూసుకోకుండా కారితే ఇదే జరుగుతుంది. ఆయిల్ పుల్ల వాసన చూడటానికి పైసా ఖర్చు లేదు, అయినా ఎవరూ చూడరు.

బరంపురం స్పేర్స్ | సోమవారం రాత్రి 8:15

అంటే ఈ20కి ఏమీ సంబంధం లేదంటారా బాబాయ్? రబ్బరు పాడవడం నేను కళ్ళారా చూస్తున్నాను.

సునాబెడ స్పానర్ | సోమవారం రాత్రి 8:40

నేను అలా అనలేదు. ఇథనాల్ పాత రకం రబ్బరుని ఉబ్బిస్తుంది, కొన్నింటిని గట్టిపరుస్తుంది, గాలిలో తేమని కూడా లాక్కుంటుంది. నువ్వు చూస్తున్నది నిజమే. కానీ రబ్బరు అంతా ఒకేసారి పాడైతే వాసన ముల్లు చూసుకుని రాదుగా. నీ మాట విని మొత్తం పైపులు మారిస్తే ఈ అబ్బాయికి ఐదారు వేలు అయ్యేవి, వాసన అలాగే ఉండేది. ముందు లీకు పట్టుకో, తర్వాత కావాలంటే పెట్రోలుని తిట్టు.

బరంపురం స్పేర్స్ | సోమవారం రాత్రి 8:52

సరే, ఒప్పుకున్నా. షాపులో కూర్చుంటే ప్రతిదానికీ సామానే కనపడుతుంది.

మోటు రోడ్డు | సోమవారం రాత్రి 10:30

ఇంత చర్చ ఎందుకు భయ్యా. సీటు ఎత్తు, పంపు చుట్టూ ఎంసీల్ మెత్తు, అయిపోయింది. మల్కనగిరిలో మా జీపుకి అలాగే చేశాం. మూడేళ్ళు నడిచింది.

సునాబెడ స్పానర్ | మంగళవారం ఉదయం 6:10

బాబూ, ఆ జీపు ట్యాంక్ రేకుది అయ్యుంటుంది. ఈ కార్ల ట్యాంకులు చాలావరకు ప్లాస్టిక్. దానిమీద ఎంసీల్ కొన్నాళ్ళకి పెచ్చులా లేచిపోతుంది. పట్టుకుందనుకో, అది ఇంకా ప్రమాదం. రేపు పంపు మళ్ళీ పోతే నోరు ఎలా తెరుస్తావు? సుత్తితో కొడతావా, పెట్రోల్ ట్యాంక్ మీద? పాతకాలంలో లారీవాళ్ళు ట్యాంక్ చెమ్మగిల్లితే బట్టల సబ్బు రుద్దేవారు, సబ్బు పెట్రోలులో కరగదు కాబట్టి ఆగేది. అది ఊరు చేరడానికి. ఊరేగడానికి కాదు.

అల్లుడూ, నువ్వు చేయాల్సింది. ముల్లు పావుకి దిగేదాకా ఆగు, నిండు ట్యాంక్ మీద సీటు ఎత్తొద్దు. బండి ఆరుబయట పెట్టు. నాలుగు తలుపులూ తెరిచి అరగంట వదిలెయ్యి. బ్యాటరీ నెగిటివ్ తీగ తీసెయ్యి. ఫోన్ జేబులోంచి తీసి దూరంగా పెట్టు, ఫొటో కావాలంటే అంతా ఆరాక తీసుకో. తర్వాత సీటు అడుగు ఎత్తి, రేకు మూత విప్పి, చేత్తో తుడవకుండా ముందు చూడు. అక్కడ ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ము ఉంటుంది. ఆ దుమ్మే సాక్షి. పెట్రోల్ ఆవిరి తగిలిన చోట దుమ్ము నల్లబడి, జిగటగా ఉంటుంది, మిగతాచోట పొడిగా బూడిద రంగులో. నువ్వు తుడిచేశావో సాక్షిని నువ్వే చంపేసినట్టు. చూసి వచ్చి రాయి. పంపుని ట్యాంక్ నోటికి పట్టి ఉంచే బిగింపు రింగు మాత్రం నువ్వు విప్పకు.

ఇంకొకటి అందరికీ. బండి కింద పెట్రోలు చుక్కలు పడుతుంటే ఈ పరీక్షలేవీ పెట్టుకోకండి. తాళం తిప్పకండి, తోసి పక్కన పెట్టి మిస్త్రీని అక్కడికే పిలవండి.

సాలూరు అల్లుడు | గురువారం సాయంత్రం 5:35

గురువుగారూ, సాక్షి దొరికాడు.

రేకు మూత నాలుగు స్క్రూలతో ఉండాలి, రెండే ఉన్నాయి. మూత తీయగానే గుప్పుమంది, పావు ట్యాంక్‌కే! పంపు చుట్టూ సగం దుమ్ము పొడిగా ఉంది. వెనక వైపు, నాలుగు వేళ్ళ వెడల్పున, నల్లగా తారులా ఉంది. బాగా చూస్తే బిగింపు రింగు ఒక పక్క కొంచెం పైకి లేచి ఉంది, దాని కిందనుంచి నల్ల రబ్బరు వాషరు నాలుక బయటపెట్టినట్టు వేలాడుతోంది. రింగు మీద స్క్రూడ్రైవర్ పెట్టి కొట్టిన గాట్లు ఐదారు.

వెనక వైపే ఎందుకో ఇప్పుడు అర్థమైంది, ఘాటు ఎక్కేటప్పుడు పెట్రోలు చేరేది అక్కడికే కదా.

సునాబెడ స్పానర్ | గురువారం సాయంత్రం 6:05

దసరాకి ఏం జరిగిందో చెప్పనా? కొత్త పంపు తెచ్చారు, వాషరు మాత్రం పాతదే వేశారు. ఆ వాషరు ఏళ్ళ తరబడి పెట్రోలులో నాని ఉంటుంది. నోరు బిగించి ఉన్నంతకాలం గాడిలో కదలకుండా ఉంటుంది. ఒక్కసారి విప్పావంటే ఉబ్బి, గాడికంటే పెద్దదైపోతుంది. మళ్ళీ గాడిలో పెడితే ఒక పక్క కూర్చుంటుంది, రెండో పక్క లేస్తుంది. దాన్ని వేళ్ళతో నొక్కి, రింగు పెట్టి సుత్తితో బిగించారు, నలిగి బయటికి వచ్చింది. అందుకే ఈ నోరు ఎప్పుడు విప్పినా కొత్త వాషరు వేయాలి. పాతది చూడటానికి ఎంత బాగున్నా సరే. వందల్లో పోయే వస్తువు.

బరంపురం స్పేర్స్ | గురువారం రాత్రి 7:30

అన్నా, మోడలూ, పంపు మీద ఉన్న నంబరూ నాకు మెసేజ్ పెట్టు. వాషరు బస్సులో వేసి పంపుతాను. దగ్గరి సైజు దొరికిందని ఏదీ వేయించకు. నీళ్ళ పంపుకి వేసే మామూలు రబ్బరు అసలే వద్దు, పెట్రోలులో నెలకి జావ అయిపోతుంది. గట్టిగా ఉండాలని సిలికాన్ పేస్టు పూస్తారు కొందరు, అదీ పెట్రోలు ముందు నిలవదు. ముక్కలై ట్యాంక్‌లో పడితే పంపు జాలీకి అడ్డం పడుతుంది.

నాగావళి రాయగడ | గురువారం రాత్రి 8:00

చూశారా, సామాను అమ్మేవాళ్ళు కూడా అప్పుడప్పుడూ తక్కువ ఖర్చు మాట చెప్తారు.

సాలూరు అల్లుడు | సోమవారం రాత్రి 8:20

పని అయింది. వివరంగా రాస్తాను.

మా వీధి చివర మిస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాను, మొదట్లో డబ్బులు తీసుకోని ఆయనే. ఒడియావాడు. మీ పోస్టులన్నీ ఫోన్లో చూస్తూ ఒడియాలో చెప్తుంటే మొదట చిరాకు పడ్డాడు. "ఎవరీ సునాబెడ బాబు, ఆయన్నే వచ్చి చెయ్యమను" అన్నాడు. బయటికి వేలాడుతున్న వాషరు చూశాక మాట్లాడలేదు. ఇంకో ఐదు నిమిషాలకి ఆయనే "తర్వాత ఏం రాశాడు, చదువు" అన్నాడు.

ముందు పంపు ఫ్యూజు తీసి, బండి స్టార్ట్ చేసి, తనంతట తాను ఆగిపోయేదాకా వదిలాడు, లైన్లో ఒత్తిడి పోవడానికట. ఇంకోసారి సెల్ఫ్ కొట్టి, బ్యాటరీ తీగ తీశాడు. పంపు చుట్టూ ఉన్న దుమ్మంతా బ్రష్షుతో, తడిగుడ్డతో శుభ్రం చేశాడు, మట్టి ట్యాంక్‌లో పడకుండా. రింగుని ఇనుముతో కొట్టకుండా, ఒక టేకు చెక్క ముక్క పెట్టి మెల్లగా కొట్టి తిప్పాడు. ఇనుమూ ఇనుమూ తగిలితే రవ్వ లేస్తుందని మీరు చెప్పకముందే ఆయనకి తెలుసు. పాత వాషరు బయటికి తీసి కొత్తదాని పక్కన పెడితే చిటికెన వేలు మందం పెద్దగా ఉంది! ఒకచోట కత్తిరించినట్టు నలిగిపోయింది.

గాడి తుడిచి, కొత్త వాషరు చుట్టూ వేలితో తడిమి చూసి, పంపు మీద ఉన్న బాణం గుర్తు ట్యాంక్ మీది గుర్తుకి సరిచూసి, నేను రెండు చేతులతో సమంగా నొక్కి పట్టుకుంటే ఆయన రింగు బిగించాడు. వాషరు 180, బస్సు చార్జీ 40, కూలి 300. మొత్తం 520. ఇంతకుముందు ఇంజెక్టర్లకి, మూతకి పోసినవి 2,750.

ఒక్క సందేహం. ఇంకా కొంచెం వాసన ఉంది. ముందంత కాదు, రూపాయిలో పావలా.

సునాబెడ స్పానర్ | సోమవారం రాత్రి 9:00

సీటు స్పాంజి, కింద కార్పెట్టు రెండు నెలలు పెట్రోల్ ఆవిరి తాగాయి. సీటు అడుగు విప్పి రెండు మూడు రోజులు ఎండలో వెయ్యి. కార్పెట్టు మీద వంట సోడా చల్లి ఓ రాత్రి ఉంచి దులిపెయ్యి. తర్వాత ఒక గిన్నెలో కాఫీ పొడి పోసి కారులో పెట్టు. కోరాపుట్‌లో ఉన్నాం, కాఫీ పొడికి కరువా? పొడి పాతదైనా పరవాలేదు, మంచిది మాత్రం నువ్వు తాగు. సెంటు సీసాలు వద్దు. వాసన మీద వాసన కప్పితే రేపు నిజంగా కారినా తెలియదు.

ఇంకో మాట అడగడం మర్చిపోయాను. బంకులో నాజిల్ టక్కుమని ఆగాక ఏం చేస్తాడు?

సాలూరు అల్లుడు | సోమవారం రాత్రి 9:10

"రౌండ్ చేసేస్తా సార్" అంటాడు. ఇంకో లీటరు, లీటరున్నర పోస్తాడు. నేనూ పొయ్యమంటాను, ఎలాగూ సాలూరులో ఎక్కువ ధర కదా అని.

సునాబెడ స్పానర్ | సోమవారం రాత్రి 9:25

ఇక్కడా ఒక పాపం ఉందన్నమాట. ట్యాంక్ పైన కొంత ఖాళీ కావాలనే వదులుతారు, పెట్రోలు వేడెక్కి పెరగడానికి, ఆవిరి నిలవడానికి. టక్కుమన్నాక పోసేది ఆ ఖాళీలోకి వెళ్తుంది, అక్కడినుంచి ఆవిరి పైపులోంచి బొగ్గు డబ్బాలోకి దిగుతుంది. అందులో ఉండేది ఆవిరిని పీల్చడానికి పెట్టిన బొగ్గు, పెట్రోలు తాగడానికి కాదు. ఒకసారి తడిసిందంటే అదే వాసన వదలడం మొదలుపెడుతుంది. కొద్దిగా తడిస్తే ఇంజిన్ నడుస్తుండగా మెల్లగా ఆరుతుంది. నెలకి తగ్గకపోతే డబ్బా విప్పించి బరువు చూడు. ఊపితే లోపల పెట్రోలు కదిలినట్టు అనిపిస్తే మార్చాల్సిందే, అది కాస్త ఖరీదు. ఇకనుంచి మొదటి టక్కుకే ఆపించు. ఆ ఒకటిన్నర లీటరు మీద నీకు మిగిలేది ఎనిమిది, తొమ్మిది రూపాయలు.

మోటు రోడ్డు | సోమవారం రాత్రి 9:40

ఎనిమిది రూపాయలకి ఎంసీల్ కూడా రాదు భయ్యా.

వంశధార గుణుపూర్ | సోమవారం రాత్రి 9:44

ఈయన ఎంసీల్ వదలడు.

సాలూరు అల్లుడు | మూడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 10:15

అందరికీ చెప్పాలని ఉండబట్టలేక రాస్తున్నా. ఈసారి కావాలనే ఫుల్ ట్యాంక్, మొదటి టక్కుకే ఆపించి, జైపూర్ నుంచి కోరాపుట్ ఘాటు ఎక్కాను. అద్దాలు మూసి, ఏసీ లోపలి గాలి మీదే పెట్టి, పిల్లల్ని వెనక కూర్చోబెట్టి. ఏమీ లేదు. సాలూరులో రెండు రోజులున్నాం. తిరిగొచ్చేటప్పుడు మావయ్యగారు పిల్లలకి చిప్స్ ప్యాకెట్లు కొనిచ్చారు. సుంకి దాటాక మావాడు ఒక ప్యాకెట్ పట్టుకుని కూర్చున్నాడు, పొట్టంగి వచ్చేదాకా తెరవనివ్వలేదు, ఎంత పొంగుతుందో చూడాలట. అది పొంగుతూనే ఉంది, కారులో మాత్రం కాఫీ వాసన తప్ప ఏమీ లేదు. చిన్నది నిద్రపోయింది. మా ఆవిడ బస్సు మాట ఎత్తలేదు.

ఒడియా మిస్త్రీ మీకు నమస్కారం చెప్పమన్నాడు. ఇంకో బండి ఇదే వాసనతో వచ్చిందట, ఓనరుని మొదట "ఎప్పుడు వస్తుంది" అని అడిగానని గర్వంగా చెప్పాడు.

సునాబెడ స్పానర్ | సోమవారం ఉదయం 6:20

సంతోషం. అగరొత్తులు మళ్ళీ మొదలుపెట్టలేదు కదా?

సాలూరు అల్లుడు | సోమవారం ఉదయం 7:05

లేదు గురువుగారూ. రోజూ ఒక మందారం పెడుతున్నా.